అటక మీది పేర్లు దింపుదాం: పిల్లలకు ఇంటి పెద్దల పేరు పెట్టాలనుకునేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

మా గుంటూరు ఇంట్లో అటక మీద ఒక ఇత్తడి బిందె ఉంది. అన్నయ్యకు పాప పుట్టింది, ఇరవై ఒకటో రోజున బారసాల అనుకున్నాం. చుట్టాలొస్తే వండి వార్చడానికి పెద్ద గిన్నెలు కావాలని అటక ఎక్కాను. చింతపండు పెట్టి తోముతుంటే బిందె మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. కోటేశ్వరమ్మ.

మా ఇంట్లో కోటేశ్వరమ్మ ఎవరూ లేరు. నాయనమ్మ పేరు పుల్లమ్మ. ఊరంతా పుల్లమ్మే అనేది, ఓటరు లిస్టులో పుల్లమ్మే, ఆవిడ పోయినప్పుడు అచ్చేయించిన దినం కార్డు మీదా పుల్లమ్మే. ఎవరో తాకట్టు పెట్టి విడిపించుకోని బిందె అయ్యుంటుందనుకున్నాం. సాయంత్రం మేనత్తకు ఫోన్ చేస్తే ఆవిడ నవ్వింది. "అది మా అమ్మ పేరేరా. పుల్లమ్మ అనేది బతకడానికి పెట్టిన పేరు" అంది.

పెద్దల పేరు పెట్టాలని అందరికీ ఉంటుంది. ఏ పేరు, ఎవరి పేరు, ఎంత మేరకు అనే దగ్గరే చిక్కులన్నీ. ఆ మూడు వారాల్లో మాకు పనికొచ్చిన పద్ధతి, తర్వాత చుట్టాల ఇళ్లలో నాలుగైదు బారసాలలకు నేను చెప్పి చేయించిన పద్ధతి ఇదే.

మొదటి పని: పేర్లు పోగేయండి

పేరు ఎంచుకోవడం తర్వాతి సంగతి. ముందు మీ ఇంట్లో ఎన్ని పేర్లున్నాయో తెలియాలి. తాత పేరు అందరికీ తెలుసు. ముత్తాత పేరు దగ్గర తడుముకుంటాం. ఆయన భార్య పేరు అడిగితే మొహమొహాలు చూసుకుంటాం. ఒక నోటుబుక్కు తీసుకుని మనిషికో పేజీ ఇవ్వండి. అసలు పేరు, ఇంట్లో పిలిచిన పేరు, కాగితాల్లో ఉన్న పేరు, పుట్టిన ఊరు, ఆ ఇంటి ఇలవేల్పు రాసుకోండి. ఇలవేల్పు ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మూడు తరాల పేర్లు తేలిగ్గా దొరికేది తద్దినాలు పెట్టే ఇళ్లలో. పిండప్రదానం చేసేటప్పుడు గోత్రంతో పాటు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాలి. అలాగే తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు, ఆ పైన అమ్మ పుట్టింటి వైపు పెద్దలు. అందుకే ఆ ఇంటి పురోహితుడి దగ్గరో, తద్దినం పెట్టే పెద్దాయన పంచాంగంలోనో ఒక చీటీ ఉంటుంది. 2016 కృష్ణా పుష్కరాలకు విజయవాడ ఘాట్లకు వెళ్లిన కుటుంబాల్లో చాలామంది ఇలాంటి చీటీ రాసుకునే వెళ్లారు. మళ్లీ పుష్కరాలు 2028లో. అప్పటిదాకా ఆగక్కర్లేదు, ఆ చీటీ ఎవరి దగ్గరుందో ఇప్పుడే అడగండి. మీ పెద్దలెవరైనా కాశీకో గయకో వెళ్లి ఉంటే అక్కడి పండాల పుస్తకాల్లో కూడా పేర్లుంటాయి.

పాత శుభలేఖలు, లగ్నపత్రికలు మరో దారి. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు ఫలానా వారి మునిమనవడు, మనవడు, కొడుకు అని మూడు తరాలు చదువుతారు కదా, అందుకోసం రాసుకున్న కాగితం పెళ్లి పెట్టెలో దొరకొచ్చు.

పొలం దస్తావేజుల్లో మగవాళ్ల పేర్లు తండ్రి పేరుతో సహా ఉంటాయి. ఆడవాళ్లు అక్కడ 'ఫలానా వారి భార్య'గా తప్ప కనపడటం తక్కువ. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు పొలం రాసిచ్చి ఉంటే ఆ దస్తావేజులో మాత్రం అమ్మాయి పేరు నిండుగా ఉంటుంది. అది లేకపోతే మాలాగా అటక ఎక్కడమే. సారె సామాను మీద పేరు కొట్టించడం మన వైపు అలవాటు. మగవాళ్ల పేర్లు స్టాంపు కాగితాల మీద వెతకాలి, ఆడవాళ్ల పేర్లు బిందెల మీద, గుండిగల మీద వెతకాలి.

పెద్దవాళ్లను అడిగే తీరు ఒకటుంది. "మీ అమ్మగారి పేరేంటి?" అంటే రేషన్ కార్డులో ఉన్న పేరు చెప్పేసి ఊరుకుంటారు. "మీ నాయనమ్మ మీ అమ్మను ఏమని కేకేసేది?" అని అడిగి చూడండి. పేరుతో పాటు ఆ పెరడూ ఆ బావీ ఆ తగాదాలూ అన్నీ బయటికొస్తాయి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇంకో సంగతి. పాతకాలం ఆడవాళ్లు భర్త పేరు, మామగారి పేరు నోటితో చెప్పరు. మా పక్కింటి మామ్మగారిని వాళ్ల మామగారి పేరు అడిగితే "మంగళగిరి కొండ మీద బెల్లం నీళ్లు తాగుతాడే, ఆయన" అంది. అంటే పానకాలు. ఇలాంటి పొడుపుకథలకు సిద్ధపడి వెళ్లండి.

రెండో పని: ఆ పేరు ఎందుకు వచ్చిందో తేల్చుకోండి

ఈ పని చేయకుండా పేరు పెట్టినవాళ్లు తర్వాత రెండు రకాలుగా నాలుక కరుచుకుంటారు. 'ఛీ, మోటు పేరు' అని మంచి పేరు వదిలేసినవాళ్లు కొందరు, ఎవరి మొక్కో తెలియకుండా పెట్టేసినవాళ్లు మరికొందరు.

మన గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పాత పేర్లలో సగం పైగా దేవుళ్ల అడ్రసులే అంటాను నేను. లెక్కపెట్టి చెబుతున్నది కాదు, మా నోటుబుక్కు చూసి చెబుతున్నది. కోటయ్య, కోటేశ్వరరావు, కోటేశ్వరమ్మ అంటే నరసరావుపేట దగ్గర కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి. పానకాలు, పానకాలరావు అంటే మంగళగిరి. భావన్నారాయణ అంటే బాపట్లో పొన్నూరో. అమరేశ్వరరావు అంటే అమరావతి. మల్లేశ్వరరావుకు బెజవాడ మల్లేశ్వరస్వామి ఉన్నాడు, పెదకాకాని మల్లేశ్వరస్వామీ ఉన్నాడు. అది ఏ ఊరి మొక్కో ఇంట్లోవాళ్లే చెప్పాలి. చెన్నకేశవులు మాచర్ల నుంచి, తిరుపతమ్మ, గోపయ్య పెనుగంచిప్రోలు నుంచి. తిరుపతమ్మ అనగానే తిరుపతి అనుకోకండి, మన వైపు ఆ పేరు చాలా ఇళ్లలో పెనుగంచిప్రోలు పేరంటాలమ్మది. సుబ్బయ్య, సుబ్బమ్మ, సుబ్బారావు అందరూ సుబ్రహ్మణ్యస్వామి తాలూకు, కృష్ణా జిల్లాలో అయితే మోపిదేవి మొక్కు అయ్యుండొచ్చు. అంకమ్మ, అంకమ్మరావు, పోలయ్య, గంగానమ్మ గ్రామదేవతల పేర్లు. నాంచారమ్మ అంటే నాచ్చియార్, తమిళ వైష్ణవం నుంచి మన నోట్లో నలిగి వచ్చిన పేరు. దుర్గ సంగతి చెప్పక్కర్లేదు, ఇంద్రకీలాద్రి కింద ఏ వీధిలో నిలబడి "దుర్గా" అన్నా ఇద్దరు తిరిగి చూస్తారు.

దర్గాలూ పేర్లిచ్చాయి. గుంటూరులో కాలే మస్తాన్ షా వలీ దర్గా ఉంది. మస్తాన్ వలీతో పాటు మస్తాన్‌రావు, మస్తానమ్మ కూడా ఇక్కడ మామూలు పేర్లే, హిందువుల ఇళ్లలో కూడా. నాగూర్ దర్గా మొక్కుతో నాగుల్ మీరా, నాగూర్ వచ్చాయి. ఇలాంటి పేరు మీ వంశంలో ఉంటే దాని వెనక పిల్లలు కలగకో, జబ్బు తగ్గకో చేసిన మొక్కు ఉండే అవకాశం ఎక్కువ. తీసేసే ముందు ఒకసారి అడగండి.

క్రైస్తవ కుటుంబాల్లో పాత పేర్లు రెండు తీర్లు. 1842లో హేయర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టాక తెలుగు బైబిల్ పలుకుబడిలో యోహాను, యాకోబు, ఇస్సాకు, ఏలీయా, రూతు, ఎస్తేరు వచ్చాయి. పక్కనే అచ్చంగా మన మాటలతో దేవసహాయం, కృపావరం, సువార్తమ్మ, దీవెనమ్మ, కరుణమ్మ. విజయవాడ గుణదలలో లూర్దు మాత పుణ్యక్షేత్రం ఉంది కాబట్టి లూర్దమ్మ, లూర్దురాజు. వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా తండ్రి పేరు వీరయ్య, తల్లి పేరు లింగమ్మ. ఒక్క తరంలో పేరు ఎంత మారగలదో ఆ మూడు పేర్లే చెబుతాయి. ఇప్పుడు జాన్, జాకబ్ అని పెడుతున్నారు గానీ నన్నడిగితే యోహాను ముందు జాన్ చప్పగా ఉంటుంది.

ఇక ఉద్యమాల పేర్లు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గాంధీ, బోసు, లెనిన్, స్టాలిన్ అని పేర్లున్న పెద్దమనుషులు ఇప్పటికీ కనపడతారు. వీటన్నిటికీ తలమానికం విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారి ఇల్లు. గోపరాజు రామచంద్రరావు అనే నిండు పేరును రెండక్షరాలకు కుదించుకున్న ఆయన, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. పేరు చూసి సంవత్సరం చెప్పొచ్చు.

మిగిలినవి బతకడానికి పెట్టిన పేర్లు. వీటి దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే అందరూ ముందు వదిలించుకునేవి ఇవే. పుల్లయ్య, పెంటయ్య, కుప్పయ్య, పిచ్చయ్య, బిచ్చయ్య, తవిటయ్య. వరసగా పిల్లలు పోతుంటే తర్వాత పుట్టిన బిడ్డ మీద మృత్యువు కన్ను పడకుండా పనికిమాలిన పేరు పెట్టేవాళ్లు. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటయ్య, కుప్పయ్య. తవుడుకు అమ్మి మళ్లీ కొనుక్కుంటే తవిటయ్య. ఇల్లిల్లూ తిరిగి బిచ్చమెత్తి ఆ గుడ్డ తొడిగితే బిచ్చయ్య. తిన్న విస్తరాకు పుల్లాకు, దాని మీద దొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ.

మా నాయనమ్మకు ముందు ఇద్దరు పోయారట. మూడో కాన్పులో ఈవిడ పుట్టింది. కోటప్పకొండకు మొక్కుకుని కోటేశ్వరమ్మ అని పేరు పెట్టారు గానీ పైకి అనడానికి భయం. పదకొండో రోజున బంతి లేచాక పిల్లను ఎంగిలి విస్తరాకుల మీద అటూ ఇటూ దొర్లించి "ఇది పుల్లమ్మ, ఎందుకూ పనికిరాదు" అని గట్టిగా అన్నారట. పదిహేడేళ్ల తర్వాత పెళ్లప్పుడు వాళ్ల నాన్న సారె సామాను మీద మాత్రం అసలు పేరు కొట్టించి పంపాడు. ఇంక భయం లేదనుకున్నాడేమో. ఈ కథ వినేదాకా మాకు పుల్లమ్మ ఒక మోటు పేరు. విన్నాక ఆ పేరును ఎవరూ వెక్కిరించలేదు.

మూడో పని: ఇంటి కట్టడి ఏమిటో ముందే అడగండి

మొదటి మగపిల్లాడికి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, ఆడపిల్లలకు నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు అనేది చాలా ఇళ్లలో వాడుక. కొన్ని ఇళ్లలో పెద్దాయన బతికుండగా ఆయన పేరు పెట్టరు, కొన్ని ఇళ్లలో బతికుండగానే పెట్టాలని పట్టుబడతారు. మీ ఇంటి కట్టడి మీకు తెలిసినా వియ్యాలవారి కట్టడి వేరు కావచ్చు. ఈ మాట పురుటికి ముందే, ఏడో నెల సీమంతం నాటికే, మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఎవరి పెద్దవాళ్లతో వాళ్లు మాట్లాడుకుంటే మంచిది. బారసాల రోజు బియ్యం పళ్లెం ముందు కూర్చున్నాక వచ్చే తగాదా తీరదు.

పెద్దల పేరుతో ఒక ఇబ్బంది ఎప్పుడూ ఉంది. కోడలు మామగారి పేరు పెట్టి కొడుకుని పిలవలేదు. తిట్టడం అసలే కుదరదు, "ఒరేయ్ కోటయ్యా, గాడిదా" అంటే ఎవరిని అన్నట్టు? అందుకే మన పెద్దలు పిలుపు పేరు కనిపెట్టారు. నాయనా, అయ్యా, పెద్దబాబు, చిన్నా, బుజ్జి. తాత పేరు పెట్టుకున్న మనవణ్ని తాతయ్యా, తాతారావు అని పిలిచీ పిలిచీ అదే ఖాయమైపోయిన మగవాళ్లు కృష్ణా జిల్లాలో కనపడతారు. ఇప్పటి కోడళ్లకు ఆ పట్టింపు లేకపోవచ్చు, అత్తగారికి ఉండొచ్చు. పిలుపు పేరు కూడా బారసాల నాటికే అనుకోండి. లేకపోతే పక్కింటివాళ్లు పెట్టిన చింటూ, బంటీ ఖాయమైపోతాయి. తాత పేరు ఆధార్ కార్డులో, బంటీ ఇంట్లో. అలాంటప్పుడు తాత పేరు పెట్టామని చెప్పుకోవడం దేనికి?

నాలుగో పని: పేరును ఈ కాలానికి సరిచేయడం

ఉన్నదున్నట్టు పెట్టగలిగితే అంతకంటే కావలసిందేముంది. సీతమ్మ, అన్నపూర్ణ, రాఘవయ్య, కనకదుర్గ పాతబడలేదు. కుదరనప్పుడు నాలుగు దారులు.

మొదటిది, తోక తీసేయడం. మన పేర్ల చివర అయ్య, అమ్మ, అప్ప, రావు గౌరవానికి తగిలించినవి. గుంటూరు నాయకుడు కొండా వెంకటప్పయ్య గారి పేరు విప్పి చూడండి: వెంకట, అప్ప, అయ్య. ఒక్క దేవుడికి రెండు గౌరవాలు. అమ్మ అంటే ఆడపేరేనన్న రూలు కూడా లేదు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన తోళ్ల శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ మగవాడే. కాబట్టి రాఘవయ్యలోంచి రాఘవ, కనకమ్మలోంచి కనక నిశ్చింతగా తీసుకోవచ్చు.

రెండోది, నలిగిన పేరును సాఫు చేయడం. రత్తమ్మ అంటే రత్నమ్మ, లచ్చమ్మ అంటే లక్ష్మమ్మ, జగ్గయ్య అంటే జగన్నాథం, ఆదెమ్మ అంటే ఆదిలక్ష్మి, వెంకయ్య అంటే వెంకటయ్య. వెనక్కి వెళితే రత్న, జగన్నాథ్ దొరుకుతాయి. ఇక్కడ నాదొక మాట. సాఫు చేయాలనే తొందరలో అందమంతా ఊడగొట్టకండి. పింగళి వెంకయ్య గారిని వెంకటయ్య గారంటే ఎలా ఉంటుంది?

మూడోది, అదే దేవుడికి ఉన్న మరో పేరు. సుబ్బయ్యకు కార్తికేయ, షణ్ముఖ. పానకాలుకు నరసింహ. అందరూ చేసేది ఇదే గానీ దీంట్లో ఊరు పోతుంది. షణ్ముఖ అంటే ఏ ఊరి షణ్ముఖుడైనా కావచ్చు, పానకాలు అంటే మంగళగిరి ఒక్కటే.

నాలుగోది నాకు అన్నిటికన్నా నచ్చింది. అదే కొండ మీద, అదే గుడిలో ఉన్న ఇంకో పేరు వెతకడం. మా వదినకు కోటేశ్వరమ్మ బరువుగా అనిపించింది. ఆవిడ ఉద్యోగం చేసేది బెంగళూరులో, ఆఫీసులో అందరూ 'కోటి' అంటారని ఆవిడ టెన్షన్. ఈశ్వరి అన్నాం, బాగుంది గానీ నాయనమ్మది అనిపించలేదు. అప్పుడు మేనత్త కోటప్పకొండ స్థలపురాణం ఎత్తుకుంది. స్వామి మీది భక్తితో రోజూ కొండెక్కిన గొల్లభామ, ఆవిడ గుడి ఇప్పటికీ కొండ మీద ఉంది. పేరు ఆనందవల్లి. వదిన రెండుసార్లు పలికి చూసుకుంది. "వల్లీ అని పిలుచుకోవచ్చు అత్తయ్యా" అంది. కొండ అదే, మొక్కు అదే. మీ ఇలవేల్పు గుడి స్థలపురాణం ఒకసారి చదవండి, స్వామి పేరొక్కటే కాక అమ్మవారు, భక్తులు, తీర్థం, చెట్టు అన్నిటికీ పేర్లుంటాయి.

అయితే తోకల్లాగే తలల జబ్బు కూడా ఉంది మనకు. అందరినీ మెప్పించాలని వెంకట నాగ సత్య సాయి దుర్గా లక్ష్మీ ప్రసన్న అని పెడతారు. వెంకట తాతగారి కోసం, నాగ మొక్కు కోసం, దుర్గ అమ్మమ్మ కోసం, ప్రసన్న పిల్ల కోసం. ఫారంలో గళ్లు చాలవు. రెండు ముక్కలు, మహా అయితే మూడు. అంతకు మించితే కోత పెట్టండి, అలిగినవాళ్ల పేరు తర్వాతి కాన్పుకు అట్టేపెట్టామని చెప్పండి.

నక్షత్రం అక్షరం అడ్డొస్తే

ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం నూట ఎనిమిది అక్షరాలు. వెంకట అనే పేరుకు 'వే' మృగశిర మొదటి పాదం. మీ పాప రోహిణిలో పుడితే ఓ, వా, వీ, వూ వస్తాయి. తాత పేరుకూ అక్షరానికీ కుదరడం లాటరీ లాంటిదే.

మా పాప హస్త మూడో పాదం. అక్షరం 'ణ'. ణతో తెలుగులో పేరేముంది? పురోహితుడు తాపీగా చెప్పారు, జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు అని. అక్షరానికి దగ్గరగా 'న'తో ఒక పేరు అనుకుని దాన్ని తండ్రి చేత పాప చెవిలో చెప్పించారు, బియ్యంలో వ్యవహారనామం రాయించారు. చాలా ఇళ్లలో ఇదే దారి. కొందరు పాదం చూడరు, ఆ నక్షత్రంలో నాలుగు అక్షరాల్లో ఏదైనా సరే అంటారు. హస్త మొదటి పాదం 'పూ'. రెండు పాదాలు ముందు పుట్టి ఉంటే పుల్లమ్మే ఖాయమయ్యేదని అన్నయ్య వదినను ఏడిపించాడు.

న్యూమరాలజీ మీద నమ్మకం ఉన్నవాళ్లకు ఒక్కటే మనవి. అక్షరాలు పెంచాలనుకుంటే బర్త్ సర్టిఫికెట్‌కు ముందే పెంచండి, పదో తరగతి అయ్యాక కాదు.

ఐదో పని: పిలిచి చూడండి

ఇది కాగితం మీద తేలేది కాదు. అనుకున్న పేరును వారం రోజులు ఇంట్లో వాడండి. డాబా మీంచి కింద వీధిలోకి కేకేయండి. అన్నం తినకపోతే కసిరినట్టు అనండి. టీచరు హాజరు పిలిచినట్టు ఇంటిపేరుతో కలిపి చదవండి. కొన్ని ఇంటిపేర్లకు కొన్ని పేర్లు పక్కన చేరితే వేరే అర్థాలు వస్తాయి. పొట్టి చేస్తే ఏమవుతుందో చూడండి, ఎందుకంటే స్కూల్లో పిల్లలు చేసేది అదే. మేనత్తలు, పిన్నమ్మలు, పాలవాడు ఎలా పలుకుతున్నారో వినండి. మా ఇంట్లో మూడు పేర్లు ఇలా పరీక్షకు పెట్టాం. రెండు రోజులయ్యేసరికి ఎవరూ చెప్పకుండానే అందరం 'వల్లి' అనేస్తున్నాం. పేరు అక్కడే తేలిపోయింది.

ఆరో పని: కాగితాలు

జననం ఇరవై ఒక్క రోజుల్లోపు నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్లే పంపిస్తారు. డిశ్చార్జి హడావుడిలో "పేరు చెప్పండి" అంటారు, తేలకపోతే తొందరపడకండి. పేరు లేకుండానే నమోదు చేయించి తర్వాత చేర్పించే వీలు చట్టంలో ఉంది. పన్నెండు నెలల్లోపు అయితే రుసుము లేదు, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుముతో చేరుస్తారు. అయితే మరీ నానబెట్టొద్దు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు స్కూలు అడ్మిషన్ దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్టే రుజువు. పేరూ దాన్ని చూసే ఎక్కుతుంది.

తెలుగు అక్షరం, ఇంగ్లీషు స్పెల్లింగ్ రెండూ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్పకండి. సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి. అమ్మానాన్నల పేర్లు వాళ్ల ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని కూడా చూడండి.

ఇంటిపేరు సంగతి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ ఒక్క అక్షరంగా. పాన్ కార్డుకు పొడి అక్షరాలు పనికిరావు, ఇంటిపేరు నిండుగా కావాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకో గడి, పేరుకో గడి. అన్నీ కలిపి ఒకే గడిలో పోసేస్తే అమెరికా వీసాలో పేరు తెలియదన్నట్టు ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. మొదటి సర్టిఫికెట్‌లోనే ఇంటిపేరు విడమరిచి రాయిస్తే ఈ బాధలన్నీ తప్పుతాయి.

పాత పేర్లకు ఇంకో గండం ఉంది. పొలం కాగితాల్లో కోటయ్య, పదో తరగతి సర్టిఫికెట్‌లో కోటేశ్వరరావు. మా నాన్నది ఇదే కథ. పొలం అమ్మే రోజున ఒక ఆఫీసులో "ఈ ఇద్దరూ ఒకరేనని రుజువేంటి?" అని కూర్చోబెట్టారు. నోటరీ అఫిడవిట్, ఇద్దరు సాక్షులు, మూడు తిరుగుళ్లు. పిలుపు పేరు ఎంత ముద్దుగా ఉన్నా కాగితం మీదికి రానివ్వకండి. ఎక్కడైనా ఎక్కిపోతే దస్తావేజులో 'కోటయ్య అలియాస్ కోటేశ్వరరావు' అని రెండూ రాయించండి. పెద్దయ్యాక పేరు పూర్తిగా మార్చుకోవాలంటే గెజిట్ ప్రకటన దాకా వెళ్లాలి, అదంతా ఇంకో వ్యాసం.

బారసాల రోజు

పళ్లెంలో బియ్యం పోసి బంగారు ఉంగరంతో తండ్రి పేరు రాస్తాడు. అన్నయ్య చేతి రాత చూసి పురోహితుడు "ఆనందవల్లా, ఆనందపల్లా?" అన్నారు. మళ్లీ రాశాడు. ఉయ్యాలలో వేసి అందరూ ఒక్కొక్కరే పేరు పెట్టి పిలిచారు. మేనత్త వంతు వచ్చినప్పుడు మాత్రం ఆవిడ ఉయ్యాల మీదికి వంగి చిన్నగా "పుల్లమ్మా" అంది. ఎవరూ ఏమనలేదు, వదిన కూడా.

ఆ రోజే ఒక పని చేయండి. పేరు ఎవరిది, ఎందుకు, ఎవరు చెప్పారు, ఏ పేర్లు అనుకుని వదిలేశారు అనేది ఒక పేజీ తెలుగులో రాసి తేదీ వేసి, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లతో సంతకం పెట్టించి బర్త్ సర్టిఫికెట్ ఫైల్లోనే పెట్టండి. ఫోన్లో ఫొటో తీసుకోండి గానీ కాగితం ఉండాలి. మా నోటుబుక్కులో పన్నెండు మంది పేజీల్లో ఏడింటికి 'ఎందుకు' అన్న చోట ఏమీ రాయలేకపోయాం, అడగడానికి మనుషులు లేరు.

బిందెను పట్నం బజారుకు తీసుకెళ్లాను. స్టీలు సామాన్ల కొట్టులో కుర్రాడు కరెంటు పెన్నుతో పేర్లు చెక్కుతాడు. పాత అక్షరాలను వేలితో తడిమి, ఇవి ఉలితో ఒక్కో చుక్కా కొట్టినవని చెప్పాడు. వాటి కింద 'ఆనందవల్లి' రాశాడు. మొదట 'ళ' వేయబోతే ఆపాను.

"ఇంటిపేరు వద్దా?" అన్నాడు.

పైన కూడా లేదు కదా అన్నాను. ముప్పై రూపాయలు తీసుకున్నాడు.